ఉప్పు ఎడారికి ఎప్పుడు వెళ్ళాలి?

పిల్లలూ! మీ బడిలోనో, ఇంట్లోనో గోడకు భారతదేశ పటం తగిలించి ఉంటే ఒకసారి దాని దగ్గరకు వెళ్ళి చూడండి. పడమటి వైపున గుజరాత్ రాష్ట్రం సముద్రంకేసి నోరు తెరిచినట్లు కనిపిస్తుంది. ఆ నోటికి పై పెదవిలాగా ఉన్నదే కచ్ జిల్లా. ఆ పెదవికి పైన, పాకిస్తాన్ సరిహద్దు పొడుగునా, చిన్న చిన్న గీతలతో, చుక్కలతో నింపిన చోటొకటి ఉంటుంది. దాని పేరు రణ్. పటం వేసినవారు సముద్రానికి నీలిరంగు వేశారు, నేలకు వేరే రంగు వేశారు. ఇక్కడికి వచ్చేసరికి ఏ రంగు వెయ్యాలో తోచక, గీతలు గీసి ఊరుకున్నట్లున్నారు.

ముప్పై ఏళ్ళకు పైగా నేను ఆ చోటును బెత్తంతో చూపించి పాఠం చెప్పాను. ఒక్కసారైనా కంటితో చూడకుండానే చెప్పాను.

1986లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎంతోకాలం కాలేదు. మా బడి నెల్లూరు జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెలో ఉండేది. ఆరో తరగతి పిల్లలకు, “రణ్ అనగా ఉప్పు ఎడారి. వానాకాలంలో నీరు నిలుస్తుంది. తరువాత ఎండిపోయి ఉప్పు మిగులుతుంది,” అని నోట్సు చెప్పి వ్రాయిస్తున్నాను. వెనక బల్ల మీద నుంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. వాళ్ళ నాయన ఉప్పుమడుల్లో పనిచేసేవాడు.

“మాస్టారూ, అయితే అది మా నాయన చేసే ఉప్పుమడి లాంటిదేనా? అంత పెద్ద మడికి నీళ్ళెవరు పెడతారండీ?” అని అడిగాడు.

తరగతిలో అందరూ పకపకా నవ్వారు. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. “పాఠంలో లేనివి అడగకు. కూర్చో,” అని గద్దించాను. వాడు కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా మళ్ళీ లేచి ఏమీ అడగలేదు. ఆ మరుసటి ఏడు బడి మానేసి నాయనతో పాటు మడుల్లోకి వెళ్ళిపోయాడు. ఇంట్లో జరుగుబాటు లేక మానేశాడని అందరూ అన్నారు. అది నిజమే. అయినా ప్రతి ఏడూ ఆ పాఠం వచ్చినప్పుడు నా బెత్తం ఆ గీతల మీద ఒక్క క్షణం ఆగేది.

నేను పదవీ విరమణ చేసిన తరువాత, 2019లో, ఆరో తరగతి చదువుతున్న మా మనుమరాలు ఒకనాడు సాంఘిక శాస్త్రం పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “తాతయ్యా, రణ్ అంటే ఏమిటి?” అన్నది. నేను పాత నోట్సు ఒప్పజెప్పాను. అది పూర్తిగా విని, “నువ్వు చూశావా?” అని అడిగింది. లేదన్నాను. “మరి ఎప్పుడు చూస్తావు?” అన్నది. అలా బయలుదేరింది మా ప్రయాణం.

ఎడారిలో చలికాలపు ఉత్సవం ఒకటి జరుగుతుందని నాకు తెలుసు. దానిని రణ్ ఉత్సవం అంటారు. 2005లో గుజరాత్ ప్రభుత్వం దీనిని మొదలుపెట్టింది. తొలి రోజుల్లో కొద్దిదినాలే జరిగేది. తరువాత పెరిగి పెరిగి సుమారు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగే పండుగైంది. భుజ్ పట్టణానికి ఉత్తరంగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ధోర్డో అనే చిన్న పల్లె ఉంది. అక్కడ గుడారాలతో ఒక ఊరే వెలుస్తుంది. ఒంటె బండ్లు, అద్దాల కుట్టుపని బట్టలు, పాటలు, ఆటలు అన్నీ ఉంటాయి. వాటికోసం ఏ రోజు వెళ్ళినా ఒకటే. కాని ఆ గుడారాలు దాటితే తెల్లటి ఉప్పునేల ఆకాశందాకా పరుచుకొని ఉంటుంది. దానికోసం వెళ్ళేవాడు మాత్రం రోజు చూసుకొని వెళ్ళాలి. నాలుగు నెలల్లో ఏ రోజు?

“పౌర్ణమి,” అన్నారు అడిగినవారందరూ. ఉప్పు మీద వెన్నెల పడితే చూడాలట. నేను పంచాంగం తీశాను. ఆ ఏడు కార్తీక పౌర్ణమి నవంబరు 12న వచ్చింది. పుణ్యమాసం, చలి ఇంకా ముదరదు, నా మోకాళ్ళకు మంచిది. పిల్లకు బడి నాలుగైదు రోజులు పోయినా ఫరవాలేదు. మన నెల్లూరులో కార్తీకమంటే వానలే కాని, అక్కడ నైరుతి ఋతుపవనం సెప్టెంబరుతో సరి. ఇన్ని లెక్కలూ వేసి, నా తెలివికి నేనే మురిసి టిక్కెట్లు కొన్నాను.

నెల్లూరులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అహమ్మదాబాదు, అక్కడినుంచి మరో రాత్రి రైల్లో భుజ్ చేరుకున్నాం. గుడారాల అద్దె నా పింఛనుకు అందేది కాదు. పౌర్ణమి రోజుల్లో అది మరీ ఎక్కువ. అందువల్ల ఒక పల్లెలో, పశువుల కాపరుల ఇంట్లో బస కుదుర్చుకున్నాం. ఆ ప్రాంతాన్ని బన్నీ అంటారు. గడ్డిబయలు. అక్కడి గేదెలు రాత్రిపూట మేతకు వెళ్ళి తెల్లవారి ఇంటికి వస్తాయి! పగటి ఎండకు వాళ్ళు పెట్టిన అలవాటది. మా మనుమరాలికి ఇది ఎంత వింతగా తోచిందంటే, మొదటి రాత్రి గేదెల గంటలు వినడానికని నిద్రపోకుండా కూర్చుంది.

మరునాడు సరిహద్దు ప్రాంతపు అనుమతి చీటీ తీసుకొని రణ్ అంచుకు వెళ్ళాం. జీపు ఆగింది. పిల్ల ముందు దిగి పరుగెత్తింది. నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది.

తెల్లటి నేల లేదు. కనుచూపు మేర నీళ్ళు! అంచున చీలమండల లోతు. గాలికి చిన్న చిన్న అలలు కూడా లేస్తున్నాయి.

ఆ ఏడు ఏం జరిగిందో నేను లెక్కలో వేసుకోలేదు. 2019లో నైరుతి ఋతుపవనం వాయవ్య భారతం నుంచి వెనక్కు మళ్ళడం అక్టోబరు 9న గాని మొదలుకాలేదు. అంత ఆలస్యంగా మళ్ళడం వాతావరణ శాఖ లెక్కల్లో అదే మొదలు. ఆ పైన నవంబరు మొదటి వారంలో ‘మహా’ అనే తుఫాను అరేబియా సముద్రంలో తిరిగి గుజరాత్‌లో వానలు కురిపించింది. చంద్రుడి లెక్క చూశాను కాని, మేఘాల లెక్క మరిచాను. పంచాంగంలో పౌర్ణమి ఎప్పుడూ తప్పదు. వాన మాత్రం పంచాంగం చూసుకొని రాదు.

పిల్ల ఏడ్చింది. రెండు పగళ్ళు, రెండు రాత్రుల ప్రయాణం చేసి వచ్చిన పిల్ల ఏడవక ఏం చేస్తుంది? ఏం చెప్పాలో నాకూ తోచలేదు. నీళ్ళ ఒడ్డున కూర్చున్నాను. అప్పుడు, ముప్పై మూడేళ్ళ తరువాత, ఆ కుర్రవాడి ప్రశ్న నాకు ఎదురుగా వచ్చి నిలబడింది. అంత పెద్ద మడికి నీళ్ళెవరు పెడతారండీ?

జవాబు నా కాళ్ళ దగ్గరే ఉంది. ఉప్పు గట్టిపడ్డాక వచ్చి ఉంటే దానిని చూసేవాణ్ణి కాను.

పిల్లలూ, ఆ జవాబు మీకూ చెబుతాను. చాలా పూర్వకాలంలో రణ్ అరేబియా సముద్రపు పాయ. వేల సంవత్సరాలుగా నదులు తెచ్చిన ఒండ్రు నిండి మెల్లమెల్లగా పూడిపోయింది. భూకంపాలకు ఆ నేల కొన్నిచోట్ల పైకి లేచింది, కొన్నిచోట్ల కుంగింది. 1819 జూన్ 16న వచ్చిన పెద్ద భూకంపానికి రణ్ మధ్యలో మైళ్ళ పొడుగున ఒక గట్టు లేచింది; దాని పక్కన సింద్రీ అనే కోట నీట మునిగింది. మనుషులెవరూ కట్టని ఆ గట్టును అక్కడివారు ‘అల్లాబంద్’ అన్నారు. అంటే దేవుడు కట్టిన కట్ట అన్నమాట.

అలా తయారైన నేల బల్లపరుపుగా, దాదాపు సముద్రమట్టానికే ఉంది. జూన్ వచ్చేసరికి నైరుతి గాలి బలంగా వీచి, కోరీ క్రీక్ అనే సముద్రపు పాయ గుండా ఉప్పునీటిని లోపలికి తోస్తుంది. అదే సమయంలో అవతలి వైపు నుంచి, రాజస్థాన్‌లోని ఆరావళీ కొండల్లో పుట్టిన లూనీ నది వాననీటిని తెచ్చి రణ్‌లో పోస్తుంది. ఆ నది సముద్రం చేరదు, రణ్‌లోనే ఆగిపోతుంది. లూనీ అనే పేరు ‘లవణం’ నుంచి వచ్చింది. పైన తియ్యగా ఉండే నీరు దిగువకు వచ్చేకొద్దీ ఉప్పగా మారుతుంది. ఇటు సముద్రం, అటు నది, పైన మేఘం, ముగ్గురూ కలిసి మడికి నీరు పెడతారు. సెప్టెంబరు దాటాక గాలి మళ్ళుతుంది, ఎండ కాస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీరు ఇగిరి ఇగిరి పదోవంతుకు వచ్చేదాకా ఉప్పు కనిపించదు. అక్కడినుంచి స్ఫటికాలు కట్టడం మొదలుపెడుతుంది. తోడు పెట్టిన పాలు పెరుగైనట్లు, చూస్తూ ఉంటే తెలియదు. తెల్లవారి చూస్తే తెలుస్తుంది.

కాబట్టి ఆ కుర్రవాడు అడిగింది సరైన ప్రశ్నే. తేడా ఒక్కటే. మన నెల్లూరు తీరంలో వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి గనుక, ఉప్పు పండేది ఆ తరువాత వచ్చే ఎండల్లో. కచ్‌లో వానలు సెప్టెంబరుతో తగ్గుతాయి గనుక, అక్కడ నేల చలికాలంలోనే తెల్లబడుతుంది. ఉప్పు పంట కాలాన్ని వానే నిర్ణయిస్తుంది.

ఇదంతా నేను మా మనుమరాలికి అక్కడే చెప్పాను. పాఠం చెబితే ఏడుపు ఆగుతుందని కాదు. నాకు చేతనైనది అదొక్కటే. పిల్ల కన్నీళ్ళు తుడుచుకొని, నీళ్ళలో వేలు ముంచి నాకి చూసి మొహం వికారంగా పెట్టింది. తరువాత మంచినీళ్ళ సీసా ఖాళీచేసి, అందులో రణ్ నీళ్ళు పట్టింది.

బస చేరాక ఆ నీళ్ళను ఒక స్టీలు పళ్ళెంలో చిటికెన వేలి గోరంత లోతుకు పోసి ఎండలో పెట్టింది. మరునాటి సాయంత్రానికి పళ్ళెం అడుగున తెల్లటి పొర, అంచుల్లో చిన్న చిన్న చదరపు పలుకులు మిగిలాయి. పిల్ల ఎగిరి గంతేసింది. వెంటనే నోటు పుస్తకం తీసి లెక్క వేసింది. గోరంత లోతుకు రెండు రోజులు. రణ్‌లో చీలమండల లోతంటే పది గోళ్ళు. కనుక ఇరవై రోజులు. “తాతయ్యా, డిసెంబరు మొదటి వారానికి ఆరిపోతుంది!” అన్నది. త్రైరాశికం తప్పులేకుండా చేసింది. నేను కూడా శభాష్ అన్నాను.

ఇంటి యజమాని ముసలాయన. బడికి వెళ్ళినవాడు కాడు. మా ముక్కల హిందీని ఓపికగా విని, లెక్క అర్థం చేసుకొని నవ్వాడు. “మాస్టర్‌జీ, పళ్ళేనికి అడుగుంది. రణ్‌కు లేదు,” అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. పైనీరు ఇగిరితే చాలదు. కింద బురదలో ఉన్న ఉప్పునీరు దీపపు వత్తిలో నూనె పాకినట్లు పైకి పాకుతూనే ఉంటుంది. గాలి ఒకనాడు నీటిని ఇటు తోస్తుంది, ఒకనాడు అటు తోస్తుంది. ఆరింది కదా అని అడుగు పెడితే మోకాలిదాకా దిగిపోతారు. గేదెలు కూడా దిగిపోతాయి. వాన ఆలస్యమైన ఏట ఉత్తరాయణం పండుగ, అనగా మన సంక్రాంతి, దాటాక రమ్మన్నాడు. అప్పటికి నేల గట్టిపడుతుంది. ఫిబ్రవరి దాటితే ఎండ మొదలు. ఏప్రిల్, మే నెలల్లో మనిషి నిలవలేడు.

ఆ సాయంత్రం మళ్ళీ నీటి ఒడ్డుకు వెళ్ళాం. పౌర్ణమి చంద్రుడు లేచాడు. పైన ఒకటి, కింద ఒకటి, రెండు చంద్రుళ్ళు. బాగానే ఉంది. కాని మేము దానికోసం వెళ్ళలేదు గనుక, బాగుందని ఒకరితో ఒకరం చెప్పుకోలేదు.

తిరిగి వచ్చాక మా లెక్క కొత్తగా మొదలైంది. సంక్రాంతి దాటాలి, పౌర్ణమి కావాలి. అంటే పుష్య పౌర్ణమి. అది 2020లో జనవరి 10న వచ్చింది; పండుగకు ముందు. ఆ తరువాత కరోనా వచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది. 2021లో జనవరి 28, మంచి తేదీయే, కాని ప్రయాణాలు చేసే రోజులు కావు. 2022లో జనవరి 17, మళ్ళీ జబ్బు ఉధృతం. 2023లో జనవరి 6, మళ్ళీ పండుగకు ముందు.

ఈ తేదీలను వరుసగా చూడండి: 28, 17, 6. ఏటా పదకొండు రోజులు వెనక్కు నడుస్తున్నాయి. పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అటువంటి నెలలు పన్నెండయితే 354 రోజులు. సూర్యుడి సంవత్సరానికి 365. పదకొండు రోజులు తక్కువ. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళకు సంక్రాంతి నాటికి చైత్రం వచ్చి కూర్చుంటుంది. అందుకే మన పెద్దలు సుమారు రెండు మూడేళ్ళకు ఒకసారి అధికమాసం చేర్చారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. దానితో పుష్య పౌర్ణమి ఒక్కసారిగా ముందుకు దూకి, 2024లో జనవరి 25న పడింది. మా ముసలాయన చెప్పిన కాలానికి సరిగ్గా సరిపోయింది.

కచ్ వారి కొత్త సంవత్సరం ఆషాఢ శుద్ధ విదియనాడు మొదలవుతుందని అక్కడే విన్నాను. వాన వచ్చే రోజే వాళ్ళకు ఉగాది! వాన కోసం అంతగా ఎదురుచూసే చోట ఇంకెప్పుడు మొదలవుతుంది?

తేదీ కుదిరింది కాని మరో చిక్కు వచ్చింది. 2019లో ఆరో తరగతి అయిన పిల్ల 2024లో పదో తరగతి కదా! మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మా కోడలు ససేమిరా అన్నది. “మామయ్యగారూ, మీరు హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు పదో తరగతి పిల్లలకు జనవరిలో సెలవు ఇచ్చారా?” అని అడిగింది. ఇవ్వలేదు. పెళ్ళిళ్ళకు కూడా ఇచ్చేవాణ్ణి కాను. ఆ మాట దాచకుండా ఒప్పుకున్నాను. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఈ ఊసెత్తలేదు. మూడో రోజు పిల్ల ఒక కాగితం తెచ్చి తల్లి ముందు పెట్టింది. రైలులో ఏ పూట ఏ పాఠం చదవాలో గంటల ప్రకారం వేసిన పట్టిక అది. 26వ తేదీ శుక్రవారం, గణతంత్ర దినోత్సవం. ఆ తరువాత శని, ఆదివారాలు. పోయేది కొద్ది రోజుల బడేనని కింద వ్రాసింది. మా కోడలు చాలాసేపు ఆ కాగితం చూసి, “భౌతికశాస్త్రం ఒక్క పూటే వేశావేం?” అన్నది. ఆ మాటకు మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

జనవరి 25 సాయంత్రం. అదే చోటు. అదే జీపు దారి. ఈసారి పిల్ల పరుగెత్తలేదు. మెల్లగా దిగి, ఒక కాలు పెట్టి, ఒత్తి చూసి, రెండో కాలు పెట్టింది. కింద కరకరమన్నది.

తెలుపు. ఎదురుగా, కుడివైపు, ఎడమవైపు, అంతా తెలుపే. నేల మీద పలకలు పలకలుగా గీతలు; గీత వెంబడి ఉప్పు చిన్న గట్టులా లేచి ఉంది. సూర్యుడు ఇంకా పూర్తిగా దిగకముందే తూర్పున చంద్రుడు కనిపించాడు. అటు ఎర్రటి బింబం, ఇటు పాలిపోయిన బింబం, మధ్యలో మేము. కచ్ దేశానికి పడమటి కొస గనుక అక్కడ జనవరి చివర సూర్యుడు ఆరున్నర దాటాక అస్తమిస్తాడు, తెల్లవారడం ఏడున్నరకు. నా చేతి గడియారం నెల్లూరులోని గడియారంతో సమానమే, కాని ఎండ మాత్రం దానితో సమానం కాదు. రేఖాంశం ఒక డిగ్రీ పడమరకు జరిగితే నాలుగు నిమిషాల ఆలస్యం అని నేను వందసార్లు చెప్పిన పాఠం, అక్కడ ఆకలి వేళకు తెలిసింది.

చీకటిపడ్డాక ఉప్పు తెలుపు తగ్గి లేతనీలమైంది. జనం చాలామందే ఉన్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు, అరుస్తున్నారు. అది పండుగ కదా, తప్పులేదు. కాని ఒక పావుగంట దూరం నడిస్తే ఎవరూ లేరు. అక్కడ ఇద్దరం నిలబడ్డాం. ఏం చూశామో వర్ణించమంటే నాకు చేతకాదు. మా మనుమరాలు మాత్రం, “తాతయ్యా, ఇదంతా ఆ నీళ్ళే,” అన్నది.

అసలు వింత ఆ రాత్రి ఒంటిగంటకు జరిగింది. రాత్రి రణ్‌లో ఉండనివ్వరు గనుక బసకు వచ్చి పడుకున్నాం. చలికి మెలకువ వచ్చింది. బయటకు వస్తే వాకిలి పట్టపగలులా ఉంది. నా నీడ కనిపించలేదు! ఒక్క క్షణం భయపడ్డాను. కిందికి చూస్తే నీడ నా పాదాల చుట్టూ ముద్దగా ఉంది. పిల్లను లేపాను. అది పెన్సిలు తెచ్చి నేల మీద నిటారుగా పట్టుకుంది. పెన్సిలుకు నీడ దాదాపు లేనేలేదు. చంద్రుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు.

కారణం చెప్పగలరా? పౌర్ణమినాడు చంద్రుడు సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటాడు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా, కిందుగా నడుస్తాడు. కనుక ఆ కాలపు పౌర్ణమి చంద్రుడు ఉత్తరంగా, ఎత్తుగా నడుస్తాడు. కర్కాటక రేఖ భుజ్‌కు కాస్త ఉత్తరంగానే పోతుంది. ధోర్డో దానికి దగ్గరే. అందుచేత వేసవిలో మధ్యాహ్నపు సూర్యుడు ఎక్కడ ఉంటాడో, పుష్యంలో అర్ధరాత్రి చంద్రుడు అక్కడికి వచ్చాడు. గడియారంలో ఒంటిగంట అయినా, ఆ పడమటి కొసన అర్ధరాత్రి అప్పుడే. ఈ సంగతి తెలిసి నేను ఆ రోజును ఎంచుకోలేదు. దొరికింది, అంతే.

తెల్లవారితే జనవరి 26. 2001లో అదే రోజున, ఉదయం 8 గంటల 46 నిమిషాలకు, కచ్‌లో భూమి కంపించింది. వేలమంది చనిపోయారు. ఇంటి ముసలాయన ఆ వేళకు ఏ పనీ చెయ్యడు. గడప దగ్గర కూర్చున్నాడు. మేము బస చేసిన ఇల్లు భుంగా. గుండ్రటి మట్టిగోడ, పైన గొడుగులాంటి గడ్డికప్పు. గుండ్రంగా ఉండడంవల్ల ఊపు ఒక్కచోట పడక గోడంతా పంచుకుంటుంది, కప్పు తేలిక. పట్టణాల్లో మేడలు కూలిన ఆ రోజు ఇటువంటి భుంగాలు చాలావరకు నిలిచాయి. “అమ్మ లోపలే ఉంది, ఏమీ కాలేదు,” అని ఆయన గోడ మీద చెయ్యి వేసి చెప్పాడు.

తిరుగు దారిలో భుజ్ పక్కన భుజియా కొండమీద ఉన్న స్మృతివనం చూశాం. 2022లో తెరిచారు. అంజార్ పట్టణంలో గణతంత్ర దినోత్సవపు ఊరేగింపులో నడుస్తున్న బడిపిల్లలు, వారి ఉపాధ్యాయులు ఇరుకు వీధిలో గోడలు కూలి చనిపోయారు. వారి పేర కూడా అంజార్‌లో ఒక స్మారకం కట్టారు. అక్కడికి వెళ్ళడానికి మాకు వేళ చాలలేదు. చాలినా వెళ్ళేవాణ్ణో లేదో. ప్రతి జనవరి 26న జెండా పట్టించి పిల్లలను వీధుల వెంట నడిపించినవాణ్ణి నేను.

మీరు వెళ్ళేటట్లయితే మిగతా సంగతులు రెండు మాటల్లో చెబుతాను. కాలా డుంగర్ అనే కొండ 462 మీటర్ల ఎత్తు, కచ్‌లో అదే ఎత్తయినది. పైన దత్తాత్రేయుడి గుడి. అక్కడ నైవేద్యం నక్కలకు పెడతారు. రణ్ మొత్తం ఎలా పరుచుకొన్నదో తెలియాలంటే ఆ కొండ ఎక్కాలి. చలిబట్టలు మరవకండి, నెల్లూరు వాళ్ళం మేము వణికిపోయాం. నక్షత్రాల పిచ్చి ఉన్నవారు పౌర్ణమికి కాదు, అమావాస్యకు వెళ్ళాలి. ఇక నీళ్ళున్న ఏడు చెడ్డ ఏడని నాలాగా అనుకోకండి. మన పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగో పక్షులు గుంపులు గుంపులుగా మట్టిదిబ్బల గూళ్ళు కట్టి పిల్లలను లేపేది రణ్ నీళ్ళలోనే. కచ్ పక్షుల మీద 1945లో పుస్తకం వ్రాసిన సలీం ఆలీ ఈ గూళ్ళకోసం ఎంతో శ్రమపడ్డారు. మేము ఏడ్చిన ఆ నీరు వాటికి పండుగ.

ఇంటికి వచ్చేటప్పుడు చిన్న అగ్గిపెట్టెలో రణ్ ఉప్పు పలుకులు కొన్ని తెచ్చుకున్నాను. అవి ఎవరికోసమో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

అతణ్ణి వెతకడానికి చాలాకాలం పట్టింది. ఆ ఊరి ఉప్పుమడుల్లో చాలా భాగం ఇప్పుడు రొయ్యల చెరువులు. అతనికీ రెండు చెరువులున్నాయి. యాభై దాటాడు, తల సగం నెరిసింది. నన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కూర్చోమందామని నోటిదాకా వచ్చి, ఆ మాట నా నోట పెగలలేదు. నేనూ నిలబడే జరిగినదంతా చెప్పాను. అతని ప్రశ్నకు జవాబు కూడా చెప్పాను: సముద్రం, లూనీ నది, మేఘం.

అతడు కాసేపు ఊరుకొని, “నేనేమడిగానో గుర్తులేదండీ మాస్టారూ. మీరు కూర్చోమన్నది గుర్తుంది,” అన్నాడు.

నేను అగ్గిపెట్టె ఇచ్చాను. అతడు ఒక పలుకు తీసి, వెలుతురుకు పెట్టి చూసి, నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకొని రుచి చూశాడు. తరువాత నవ్వాడు.

“కాస్త చేదుందండీ. ఉప్పు గట్టాక మిగిలిన నీళ్ళు మేము మడిలోంచి వదిలేస్తాం. ఆ నీళ్ళు చేదు. ఉంచేస్తే ఉప్పుకూ ఆ చేదు వస్తుంది. అక్కడ నీళ్ళు పెట్టేవాళ్ళు ముగ్గురున్నారన్నారు గాని, వదిలేసేవాడు ఒక్కడూ లేడే!”

ఈ సంగతి నాకు తెలియదు. ఈసారి తెలియదనే చెప్పాను. ఆ చేదు మెగ్నీషియం లవణాలదని ఇంటికి వెళ్ళి పుస్తకం చూసి తెలుసుకున్నాను.

వీధిదాకా సాగనంపుతూ అతడు, “మా అమ్మ ఉంది మాస్టారూ. నలభై ఏళ్ళు ఉప్పు తట్టలు మోసింది. ఎవరూ చెయ్యని ఉప్పుమడి చూపిస్తానంటే వస్తుంది. ఎప్పుడు వెళ్ళమంటారు?” అని అడిగాడు.

పుష్య పౌర్ణమి 2026లో జనవరి 3నే వస్తుంది, సంక్రాంతికి ముందు. వాన ఆలస్యమైతే మా గతే పడుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది గనుక ఆ మరుసటి పుష్య పౌర్ణమి ముందుకు జరుగుతుంది. జేబులో కాగితం ఏదీ లేకపోతే అగ్గిపెట్టె వెనక వ్రాసి ఇచ్చాను: 2027 జనవరి 22, శుక్రవారం. కింద ఇంకొక ముక్క చేర్చాను: బయలుదేరేముందు, ఆ ఏడు వాన ఎప్పుడు ఆగిందో కనుక్కో.